టో గ్రీన్‌లోనే ఉంది, లోపలి అంచు మాత్రం దారం తేలింది: కిందికి దించిన ఒక స్విఫ్ట్ కేస్ స్టడీ

టో అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం. అలైన్‌మెంట్ మెషీన్ తెర మీద అది హద్దులో ఉంటే పచ్చ (గ్రీన్), దాటితే ఎరుపు. మా షాపుకు వచ్చిన బండి 2015 మోడల్ మారుతి స్విఫ్ట్ డీజిల్, 92,000 కి.మీ. తిరిగింది. హనుమకొండ నుంచి హసన్‌పర్తి, ఎల్కతుర్తి, హుజూరాబాద్ మీదుగా రోజూ కరీంనగర్ పోయి వస్తుంది. రానూపోనూ సుమారు 140 కి.మీ. నలుగురు ఉద్యోగులు ఖర్చు పంచుకుని పోయే కారు ఇది. నలుగురు కూర్చుంటారన్న సంగతి అంతకు ముందు ఏ షాపులోనూ ఎవరూ అడగలేదు. చివరికి కేసంతా దాని దగ్గరే తేలింది.

కారుకు చేయించిన మార్పులు రెండు. నాలుగు స్ప్రింగులూ కోయించి కిందికి దించారు. 15 ఇంచుల వీల్స్ తీసేసి 16 ఇంచుల, 6.5 వెడల్పు అల్లాయ్‌లు వేసి, 185/65 ఆర్15 బదులు 195/55 ఆర్16 టైర్లు ఎక్కించారు. టైరు సైజులో తప్పు లేదు. పాత టైరు వ్యాసం 621.5 మి.మీ., కొత్తది 620.9. స్పీడోమీటర్ కూడా తేడా పట్టదు. గొడవంతా స్ప్రింగుల దగ్గర మొదలైంది.

ఓనర్ చెప్పింది ఒక్క ముక్క: "అన్నా, మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించిన, మూడుసార్లు టో గ్రీన్ల వచ్చింది, మల్ల అదే లొల్లి." టైర్లు వేసి 16,000 కి.మీ. అయింది. ఆ మధ్యలోనే రెండు వేర్వేరు చోట్ల మూడుసార్లు త్రీడీ అలైన్‌మెంట్ జరిగింది. ప్రింట్లు మూడూ దాచిపెట్టుకున్నాడు, అది మంచి అలవాటు. మూడింట్లోనూ ముందు టో పచ్చ రంగులో, ముందు క్యాంబర్, అంటే ఎదురుగా చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన కోణం, ఎర్ర రంగులో ఉంది. ఒక షీటు మీద పెన్నుతో "క్యాంబర్ అడ్జస్ట్ కాదు, బండి దించినందుకు" అని రాసి ఉంది. దాంతో నేరం మొత్తం క్యాంబర్ మీద పడింది.

టైరు ఏం చెప్పింది

మెషీన్ ఎక్కించే ముందే టైర్లు విప్పి చూడాలి. ట్రెడ్ గేజ్‌తో మూడు గాడుల్లో కొలిస్తే ముందు ఎడమ టైరులో లోపలి గాడి 1.8 మి.మీ., మధ్య 4.6, బయట 5.9 వచ్చింది. ముందు కుడి టైరులో అవే 2.6, 4.7, 5.6. కొత్తలో 8 మి.మీ. ఉన్న టైరు ఇది. 1.6 దగ్గర అరుగుదల గుర్తు తేలుతుంది, అక్కడికి టైరు మార్చేయాల్సిందే. గాడి లెక్క ఇలా ఉంటే, గాడి దాటిన తర్వాత ఉండే అసలు అంచు ఇంకా ఘోరం. ఎడమ టైరులో ఒక జానెడు మేర దారం బయటపడింది. కారు కింద పడుకుంటే తప్ప అది కనబడదు. నిలబడి చూసినవాడికి బయటి అంచు నిండుగా ఉన్న మంచి టైరే కనిపిస్తుంది. దించిన బండ్లలో టైరు పేలాకే సంగతి తెలియడానికి కారణం ఇదే.

అరుగుదల తీరును చేత్తో తడిమి చూడాలి. అరచేతిని ట్రెడ్ మీద లోపలి నుంచి బయటికి జరిపితే నున్నగా పోయింది. బయటి నుంచి లోపలికి జరిపితే ప్రతి బ్లాకు అంచూ రంపం పళ్ళలా చేతికి తగిలింది. రెండు ముందు టైర్లకూ అంతే. ఇది టో అవుట్ గుర్తు, అంటే ముందు చక్రాలు రెండూ నడిచేటప్పుడు బయటికి చూస్తున్నాయి. టో ఇన్, అంటే చక్రాలు లోపలికి చూడడం, ఎక్కువైతే దీనికి తిరగబడి, లోపలి నుంచి బయటికి జరిపినప్పుడు గుచ్చుకుంటుంది.

క్యాంబర్ ఒక్కటే తిన్న టైరు ఇలా ఉండదు. క్యాంబర్ అరుగుదల ఒక పక్కకు వాలుగా ఉన్నా, ఏ దిక్కు తడిమినా నున్నగానే ఉంటుంది. రంపం పళ్ళు వచ్చాయంటే టైరు దొర్లుతూ దొర్లుతూ అడ్డంగా ఈడ్చుకుపోయిందని అర్థం. అంటే మూడు ప్రింట్లూ టో బాగుందంటున్నాయి, టైరు లేదంటోంది. ఇలాంటి తగవులో టైరునే నమ్మాలి. మెషీన్ చూసింది బండి నిలబడ్డ పది నిమిషాలు, టైరు చూసింది 16,000 కి.మీ.

వెనక ఎడమ టైరు కథ వేరు. లోపలి వైపు అరచేయంత దూరానికొకటి చొప్పున పల్లాలు, మిట్టలు. షాకప్ పనిచేయక చక్రం నేల మీద గెంతుతూ పోయినప్పుడు వచ్చే గుర్తు అది. వెనక కుడి టైరు మామూలుగా ఉంది. గాలి 38 పీఎస్‌ఐ పట్టిస్తున్నారు, కొంచెం ఎక్కువే. కానీ మధ్య గాడి ప్రత్యేకంగా అరగలేదు కాబట్టి గాలిని ఇక్కడ నిందించే పని లేదు. తర్వాత చల్లటి టైరు మీద 33కి దించాం.

ఎత్తు కొలవకుండా మెషీన్ ఎక్కించొద్దు

దించిన బండికి మొదటి కొలత ఎత్తు. చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టాలి. నేల నుంచి కొలిస్తే టైరు సైజు, గాలి కలిసి లెక్క తప్పుతుంది. స్టాక్ ఎత్తులో, అంటే కంపెనీ ఇచ్చిన ఎత్తులో ఉన్న ఇదే మోడల్ ఇంకో బండి మీద ముందు 380 మి.మీ. వచ్చింది. ఈ బండికి ముందు ఎడమ 332, కుడి 339. ఒక పక్క 48, ఇంకో పక్క 41 మి.మీ. దిగింది. ఒకే బండిలో రెండు పక్కలకు 7 మి.మీ. తేడా అంటే స్ప్రింగులు సమానంగా కోయలేదన్నమాట. విప్పాక చూస్తే ఎడమ స్ప్రింగు పావు చుట్టు ఎక్కువ తెగి ఉంది. కోసింది గ్యాస్ మంటతో. కోసిన చివర నీలంగా మారింది. అక్కడ ఉక్కు పదును పోతుంది, స్ప్రింగు తెగితే అక్కడే తెగుతుంది.

చుట్టు కోస్తే స్ప్రింగు మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడుతుంది. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి తీస్తే అదే బరువుకు వంగడానికి ఐదు చుట్లే మిగులుతాయి, గట్టితనం 20 శాతం పెరుగుతుంది. కానీ 45 మి.మీ. దిగిన బండికి ఆ 20 శాతం గట్టితనం చాలదు. షాకప్ కదలడానికి మిగిలిన జాగా సగానికి పడిపోతుంది కాబట్టి చిన్న గుంతకే అది బంప్ స్టాప్ (చివరి దాకా నొక్కుకుంటే ఆపే రబ్బరు దిమ్మ) మీద కూర్చుంటుంది. ఈ బండి నలుగురు ఎక్కగానే ముందు పక్క బంప్ స్టాప్‌ను తాకుతోంది. గ్రానైట్ లారీలు తొక్కి పల్లాలు పడ్డ రోడ్డు మీద, అడుగడుగునా స్పీడ్ బ్రేకర్ల మీద రోజుకు 140 కి.మీ. ఈ తీరునే పోతోంది. జాకీ వేసి చక్రం వేలాడదీస్తే ముందు స్ప్రింగు తన సీటులో ఒక సెంటీమీటరు వదులుగా ఆడుతోంది కూడా. గుంతలో చక్రం కిందికి జారినప్పుడు స్ప్రింగు సీటు తప్పితే అది అరుగుదల సమస్య కాదు, ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

ఇంకా విప్పకముందే చక్రాలు పట్టి ఊపి చూశాం. ముందు కుడి టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) ఎండ్‌లో కొద్దిగా ఆట ఉంది. చక్రం అడుగును ఫ్రేముకు పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్‌లు (రబ్బరు కీళ్ళు) రెండు పక్కలా పగుళ్ళిచ్చాయి. వెనక చక్రాలను కలిపే యాక్సిల్ బీమ్ ఎడమ బుష్ దగ్గర రాడ్ పెట్టి నెడితే రబ్బరు చిరిగి ఆరేడు మి.మీ. కదిలింది. వదులున్న బండికి అలైన్‌మెంట్ చేయడం చిరిగిన కొలతల టేపుతో బట్ట కోయడం లాంటిది, ఆ లెక్క రోడ్డెక్కగానే మారిపోతుంది.

ఈ బుష్‌లు ఎందుకు చిరిగాయో చెప్పుకోవాలి, ఎందుకంటే దించే పని చేసే చాలాచోట్ల ఇదే తప్పు జరుగుతుంది. లోయర్ ఆర్మ్ బుష్ లోపలి గొట్టం బోల్టుతో ఫ్రేముకు బిగుసుకుని ఉంటుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో కదులుతుంది, మధ్యలో రబ్బరు మెలి తిరుగుతుంది. బోల్టు ఏ ఎత్తులో బిగిస్తే అక్కడ రబ్బరుకు మెలి సున్నా. స్ప్రింగు మార్చి బండిని 45 మి.మీ. దించి, ఆ బోల్టులు వదులు చేసి తిరిగి బిగించకపోతే రబ్బరు నిలబడ్డప్పుడు కూడా మెలిలోనే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి చిరుగుతుంది. వెనక బీమ్ బుష్‌కూ ఇదే లెక్క.

బస్తాలతో పరీక్ష

బండిని ఖాళీగా మెషీన్ ఎక్కించి, చక్రాల రనౌట్ (రిమ్ వంకర) లెక్క సరిచేసి, టర్న్ ప్లేట్ల (ముందు చక్రాల కింద తిరిగే పళ్ళాల) పిన్నులు తీసి, బానెట్ మీద రెండు మూడుసార్లు ఊపి కూర్చోబెట్టాక వచ్చిన లెక్కలివి: ముందు క్యాంబర్ ఎడమ మైనస్ 2 డిగ్రీల 10 మినిట్లు, కుడి మైనస్ 1 డిగ్రీ 35. మొత్తం టో ప్లస్ 4 మినిట్లు. ఒక డిగ్రీకి 60 మినిట్లు. టోలో ప్లస్ అంటే టో ఇన్, మైనస్ అంటే టో అవుట్. క్యాంబర్‌లో మైనస్ అంటే చక్రం పైభాగం లోపలికి వాలడం. టో పచ్చ రంగే. పాత మూడు ప్రింట్లకూ దీనికీ పెద్ద తేడా లేదు, ఆ షాపులు అబద్ధం రాయలేదు.

ఆ తర్వాత 25 కిలోల బియ్యం బస్తాలు తెచ్చి డ్రైవర్ సీట్లో మూడు, పక్క సీట్లో మూడు, వెనక సీట్లో ఐదు పెట్టాం. మొత్తం 275 కిలోలు, నలుగురు మనుషుల బరువు. బండిని మళ్ళీ ఊపి కూర్చోబెట్టాం. ముందు ఎత్తు సగటున 14 మి.మీ. దిగింది. స్టీరింగ్‌ను ఎవరూ ముట్టలేదు, టై రాడ్ తిప్పలేదు. తెర మీద ముందు టో ప్లస్ 4 నుంచి జారుతూ పోయి మైనస్ 19 దగ్గర ఆగింది. పచ్చ పోయి ఎరుపొచ్చింది.

మైనస్ 19 అంటే ఒక్కో చక్రం తొమ్మిదిన్నర మినిట్లు బయటికి చూస్తోంది. వినడానికి చిన్నదే. కానీ టైరు ఆ కోణంలో ఒక కిలోమీటరు దొర్లితే సుమారు 2.76 మీటర్లు అడ్డంగా రుద్దుకుంటుంది. 140 కి.మీ.కి రోజుకు 387 మీటర్లు. ఖాళీ బండి లెక్కలో, అంటే ఒక్కో చక్రానికి 2 మినిట్లతో, అదే దూరానికి 81 మీటర్లే. మైనస్ 2 డిగ్రీల క్యాంబర్ బరువునంతా లోపలి అంచు మీదికి తోసి పెట్టింది కాబట్టి ఆ 387 మీటర్ల రాపిడీ టైరు వెడల్పంతా పంచుకోలేదు, రెండు వేళ్ళ వెడల్పు ఉన్న అంచే భరించింది. క్యాంబర్ జాగా చూపించింది, తిన్నది టో. మైనస్ ఒకటిన్నర క్యాంబర్‌తో టో సరిగ్గా ఉన్న బండ్లు టైరు ఆయుష్షు మరీ అంత కోల్పోవు. క్యాంబర్ సున్నా ఉండి టో తప్పిన బండి మాత్రం కొన్ని వేల కిలోమీటర్లకే టైరును పాడు చేస్తుంది.

టో ఎందుకు జారింది

చక్రం పైకీ కిందికీ కదిలేటప్పుడు లోయర్ ఆర్మ్ చివర ఒక వంపులో తిరుగుతుంది, టై రాడ్ చివర ఇంకో వంపులో తిరుగుతుంది. కంపెనీ ఎత్తు దగ్గర ఆ రెండు వంపులూ దాదాపు కలిసి పోయేలా రాడ్ పొడవు, కోణం పెట్టి ఉంటాయి. 45 మి.మీ. దించితే రెండూ తమ వంపుల్లో విడిపోయే చోటికి చేరతాయి. అక్కడ నుంచి ప్రతి మిల్లీమీటరుకూ టో ఎక్కువగా మారుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. టోను ఆ ఎత్తు దగ్గర సున్నాకు తెచ్చినా, మారే వేగం తగ్గదు. అలైన్‌మెంట్‌తో పోయే జబ్బు కాదు ఇది.

స్ప్రింగులు ఎలాగూ తీస్తున్నాం కాబట్టి ఈ మార్పును నేరుగా కొలిచాం. స్ప్రింగు లేకుండా స్ట్రట్ (ముందు స్ప్రింగును, షాకప్‌ను మోసే నిలువు కాడ) తిరిగి బిగించి, స్టీరింగ్‌ను నేరుగా లాక్ చేసి, రెండు హబ్‌లకూ (చక్రం బిగించే మధ్య భాగాలకూ) 500 మి.మీ. పొడవున్న తిన్నని పట్టీలు క్లాంప్ చేసి, పట్టీల ముందు చివరల మధ్య ఒక టేపు, వెనక చివరల మధ్య ఒక టేపు. రెండు లోయర్ ఆర్మ్‌ల కిందా జాకీలు పెట్టి ఒకే లెక్కన 5 మి.మీ. చొప్పున లేపుతూ పోవాలి. రెండు టేపుల తేడా 1 మి.మీ. అంటే మొత్తం టోలో దాదాపు 7 మినిట్లు. మెషీన్ లేని చోట కూడా ఇది చేసుకోవచ్చు, ఓపిక ఉంటే చాలు.

స్టాక్ ఎత్తు నుంచి చక్రం 25 మి.మీ. పైకి కదిలితే టో 12 మినిట్లు బయటికి మారింది. 25 మి.మీ. దించిన చోటు నుంచి అదే 25 మి.మీ. కదిలితే 31. 45 మి.మీ. దించిన చోటు నుంచి 45. ఈ మూడు అంకెలు ముందు పెట్టుకునే ఓనర్‌తో మాట్లాడాం, ఎంత దించొచ్చు అన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. ఈ లెక్క ఈ బండికి మాత్రమే. స్టీరింగ్ ర్యాక్ (టై రాడ్లను జరిపే అడ్డ కడ్డీ) ముందున్న బండికీ, వెనక ఉన్న బండికీ, ఆర్మ్ పొడవు వేరైన బండికీ అంకెలు మారతాయి, కొన్నింట్లో దిక్కు కూడా మారుతుంది.

క్యాంబర్ సంగతి కూడా ఒక మాట. ఇలాంటి స్ట్రట్ బండిలో దించే కొద్దీ క్యాంబర్ మైనస్‌కు పోతూనే ఉంటుందనుకోవడం తప్పు. లోయర్ ఆర్మ్ బయటి చివర కిందికి వాలి ఉన్నంతవరకు, బండి దిగితే చక్రం అడుగు భాగం బయటికి నెట్టబడి మైనస్ పెరుగుతుంది. ఆర్మ్ స్ట్రట్‌కు లంబంగా వచ్చాక ఇంకా దించితే అడుగు భాగం తిరిగి లోపలికి రావడం మొదలవుతుంది. మరీ నేలకు అంటిన బండి మలుపులో వాలినప్పుడు బయటి చక్రం పట్టు కోల్పోయి తేలిపోవడం దీనివల్లే.

చేసిన పని

ఓనర్‌కు స్టాక్ ఎత్తు వద్దు. కోసిన స్ప్రింగుల మీద పని చేయడం మాకు వద్దు. మధ్యేమార్గంగా 25 మి.మీ. దించే రెడీమేడ్ స్ప్రింగుల సెట్టు, నాలుగు కొత్త షాకప్‌లు, బంప్ స్టాప్‌లు, ముందు స్ట్రట్ మౌంట్లు, బేరింగులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, వెనక బీమ్ బుష్‌లు రెండూ, టై రాడ్ ఎండ్‌లు రెండూ. బుష్ కానీ ఎండ్ కానీ ఒక పక్కే మార్చడం డబ్బు మిగిలించినట్టు కనిపిస్తుంది, కానీ ఎడమ కొత్త రబ్బరు, కుడి పాత రబ్బరు ఒకేలా వంగవు.

బిగింపులో జాగ్రత్త ఒకటే. లోయర్ ఆర్మ్, బీమ్ బుష్‌ల బోల్టులు చేతి బిగువు దాకా వచ్చాక ఆపేయాలి. ఆర్మ్ కింద జాకీ పెట్టి చక్రం మధ్య నుంచి ఫెండర్ దాకా 355 మి.మీ. వచ్చే దాకా లేపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో మాన్యువల్లో ఉన్న విలువకు బిగించాలి. స్టెబిలైజర్ (మలుపులో బండి వాలకుండా ఆపే కడ్డీ) లింక్ రాడ్‌లు కూడా ఆ ఎత్తులోనే. ఒక పక్క లింక్ బోల్టు చేత్తో నెడితే సరిగ్గా రంధ్రంలోకి పోవాలి. బలవంతంగా దూర్చాల్సి వస్తే ఎత్తు తేడా ఇంకా ఎక్కడో ఉందన్నమాట.

క్యాంబర్ కోసం స్ట్రట్‌ను నకిల్‌కు (హబ్‌ను పట్టుకునే ముక్కకు) కలిపే రెండు బోల్టుల్లో పైది తీసి, తిప్పితే చక్రం వాలు మారే ఎక్సెంట్రిక్ బోల్టు వేశాం. కొనేముందు పాత బోల్టు మందం క్యాలిపర్‌తో కొలిచి తీసుకోవాలి, మోడల్ పేరు చెప్పి తెస్తే సైజు తప్పొచ్చు. పైన కింద రెండూ ఎక్సెంట్రిక్ వేయొద్దు, జారితే చక్రం మొత్తం వాలిపోతుంది. కొందరు ఆ రంధ్రాన్ని ఫైలుతో పొడిగిస్తారు. అలా పొడిగించిన స్ట్రట్ బోల్టు ఎంత బిగించినా ఏదో ఒక గుంతలో జరుగుతుంది. ఎక్సెంట్రిక్ బోల్టు తిప్పి చక్రం పై భాగాన్ని బయటికి తెచ్చాక టైరుకూ ఫెండర్ అంచుకూ మధ్య వేలు దూరే జాగా ఉందో లేదో స్టీరింగ్ రెండు చివరలా తిప్పి చూడాలి.

బుష్‌లు మార్చకముందు వెనక ఎడమ చక్రం టో మైనస్ 12, కుడి ప్లస్ 10 వచ్చింది. రెండూ ఎడమకు చూస్తున్నాయి. థ్రస్ట్ కోణం, అంటే వెనక చక్రాలు కలిసి బండిని తోసే దిక్కు, 11 మినిట్లు. అందుకే స్టీరింగ్ నేరుగా పట్టుకుంటే బండి కుడికి లాగుతోంది, ఓనర్ స్టీరింగ్‌ను కొంచెం ఎడమకు పట్టుకుని నడుపుతున్నాడు. ఇంతకుముందు ఒకచోట దీనికి స్టబ్ యాక్సిల్ (వెనక చక్రం తిరిగే పొట్టి ఇరుసు) వెనక వాలు షిమ్ (సన్నని రేకు) పెడతామన్నారట. పెట్టి ఉంటే ప్రింట్ సరిగ్గా వచ్చేది, చిరిగిన బుష్ అలాగే ఉండేది. బుష్‌లు మార్చాక ఎడమ ప్లస్ 4, కుడి ప్లస్ 9 వచ్చింది, థ్రస్ట్ 3 మినిట్ల లోపు. షిమ్ అవసరమే పడలేదు. వెనక బీమ్ వంగిందని తేల్చే ముందు బుష్ ఊపి చూడడానికి రెండు నిమిషాలు చాలు.

ఆ రోజు టోను అంచనాగా పెట్టి బండి పంపేశాం. కొత్త స్ప్రింగు, కొత్త రబ్బరు సర్దుకోవడానికి 300 కి.మీ. తిరగాలి. తిరిగొచ్చేసరికి ముందు పక్క ఒకటి రెండు మి.మీ. దిగి ఎడమ 353, కుడి 354 దగ్గర నిలిచింది.

చివరి సెట్టింగ్ వరుస ఇలా సాగింది. చల్లటి టైర్లలో గాలి 33, బస్తాలు పదకొండూ లోపల, ఎత్తు మళ్ళీ కొలత, వెనక చక్రాల లెక్క, తర్వాత ముందు క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు) చూసుకోవడం. క్యాస్టర్ సెట్ చేసేది కాదు కానీ ఎడమ కుడి తేడా ఎంతో తెలియాలి, ఇక్కడ పావు డిగ్రీ వచ్చింది, వదిలేశాం. ఆ తర్వాత క్యాంబర్, రెండు పక్కలా మైనస్ 50 మినిట్లకు. క్యాంబర్ బోల్టు ముట్టుకుంటే టో కదులుతుంది కాబట్టి టో ఎప్పుడూ ఆఖరున. స్టీరింగ్ మధ్యలో లాక్ చేసి, టై రాడ్ లాక్ నట్టు వదులు చేసి, ర్యాక్ బూటు (రబ్బరు తొడుగు) క్లిప్ తీసి తిప్పాలి. క్లిప్ తీయకపోతే బూటు మెలిపడి చిరుగుతుంది, చిరిగిన బూటులోకి దుమ్ము పోయి ర్యాక్ పాడవుతుంది. ఈ బండిలో పావు చుట్టుకు సుమారు 10 మినిట్లు కదిలింది. రెండు పక్కలా ఒకే లెక్కన తిప్పి, చివరికి బయట కనిపించే మరలు రెండు పక్కలా సమానంగా ఉన్నాయో లేదో చూడాలి.

నలుగురి బరువుతో మైనస్ 4 దగ్గర ఆపాం. బస్తాలు దించేస్తే ప్లస్ 13 అయింది. మెషీన్ ఆ ప్లస్ 13ను ఎర్రగా చూపించింది, ప్రింటూ అలాగే ఇచ్చాం, పక్కన "275 కిలోలతో మైనస్ 4" అని రాసి. పూర్తిగా సున్నాకు ఎందుకు తేలేదంటే, ఆదివారాలు ఒక్కడే నడిపేటప్పుడు టో ఇన్ మరీ ఎక్కువై బయటి అంచు తినకూడదని. ఒంటరిగా నడిపే బండికైతే డ్రైవర్ బరువు ఒక్కటే పెట్టి సెట్ చేయాలి. నలుగురి లెక్క అందరికీ అంటగట్టడానికి లేదు.

తర్వాత బండి కొంచెం ఎడమకు జారుతోందని ఓనర్ అన్నాడు. రోడ్డు నీళ్ళు పోవడానికి ఎడమకు వాలుగానే ఉంటుంది, చేయి వదిలితే ఆ మాత్రం జారడం సహజం. డివైడర్ పక్క కుడి లైనులో నడిపి చూస్తే నేరుగా పోయింది. దీనికోసం టో కదపొద్దు. ముందు రెండు చక్రాలూ సమానంగా పంచుకునే టో బండిని పక్కకు లాగదు.

టైర్లు, ఆ తర్వాతి లెక్క

దారం తేలిన ముందు ఎడమ టైరు, పల్లాలు పడిన వెనక ఎడమ టైరు పక్కన పెట్టేశాం. ముందు కుడి టైరును రిమ్ మీద తిప్పి వేయొచ్చు, అరిగిన అంచు బయటికి వస్తుంది. కానీ దాని పక్కన "అవుట్‌సైడ్" అని రాసి ఉంటే అది కుదరదు. ఇది అవుట్‌సైడ్ రాసిన టైరు. దాంతో నాలుగూ కొత్తవే వేయాల్సి వచ్చింది, వెనక కుడి పాతది స్టెప్నీ అయింది. ఎడమ వెనక అల్లాయ్ లోపలి అంచు 2 మి.మీ. వంగి ఉంటే సాపు చేయించి బ్యాలెన్సింగ్ చేశాం.

5,200 కి.మీ. తర్వాత కొలిస్తే ముందు ఎడమ లోపల 7.3, మధ్య 7.4, బయట 7.5 మి.మీ. కుడి 7.3, 7.5, 7.5. పాత టైరు లోపలి గాడి వెయ్యి కిలోమీటర్లకు 0.39 మి.మీ. పోగొట్టుకుంటే కొత్తది 0.13 పోగొట్టుకుంది. చేత్తో తడిమితే రెండు దిక్కులా నున్నగానే ఉంది, ఎడమ టైరు లోపలి అంచు దగ్గర చాలా సన్నగా పళ్ళు తగులుతున్నాయి తప్ప. 25 మి.మీ. దించిన చోట 31 మినిట్ల బంప్ స్టీర్ ఇంకా మిగిలే ఉంది, అది 12కి తగ్గాలంటే స్టాక్ ఎత్తుకు పోవాలి. ముందు వెనక టైర్లు మార్చి వేసి, వెనక షాకప్‌ల కింద నూనె తడి ఏమీ లేదని చూసి, ఎత్తు మళ్ళీ కొలిచాం: ఎడమ 353, కుడి 353. కుడి వైపు ఒక మిల్లీమీటరు దిగింది. మళ్ళీ 10,000 దగ్గర చూడాలని సర్వీసు కార్డు మీద ఎత్తూ, మూడు గాడుల లెక్కలూ రాసిచ్చాం.